ఒక్క ముహూర్తము కొఱకు: అద్దె కంప్యూటర్ల చరిత్ర

కొన్ని సంవత్సరముల క్రిందట మా మేనకోడలు పరీక్షా ఫలితము కొఱకు ఒక దినమంతయు కంప్యూటరు ముందు కూర్చుండెను. ఉదయము పదునొకండు గంటలకు ఫలితములు వెలువడునని ప్రకటన వచ్చినది. పదునొకండు కొట్టినది. తెరమీద తెల్లని పుట తప్ప మఱేమియు కానరాలేదు. పండ్రెండయినది; రెండయినది. మా అక్క దేవుని గదికిని, కంప్యూటరునకును నడుమ తిరుగుచునే యుండెను. సాయంకాలము అయిదు దాటిన పిమ్మట ఆ పుట తెఱచుకొన్నది. పిల్ల ఉత్తీర్ణురాలైనది. కాని ఆ ఆఱు గంటలు ఆమె పడిన యాతన ఏ మార్కుల జాబితాలోను చేరలేదు.

ఆ సంస్థలో పనిచేయు మిత్రుడొకరు నాకు కలరు. మఱునాడు ఆయనను నిలదీసితిని. ఆయన నొచ్చుకొనలేదు. "ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు మా యంత్రాలు రెండూ ఈగలు తోలుకుంటూ ఉంటాయండీ. ఒక్కరోజు మాత్రం ఊరూవాడా ఒక్కసారే వచ్చి తలుపు తడతారు. ఆ ఒక్కరోజు కోసం నలభై యంత్రాలు కొనిపెట్టండని నేనెవరిని అడగను?" అని ఆయన తిరిగి నన్నే ప్రశ్నించెను. నాకప్పుడు సమాధానము తోచలేదు. తరువాత చదివి చూడగా, ఈ ప్రశ్న కంప్యూటర్ల కన్నను పాతదని తెలిసినది. ఒక్క దినపు రద్దీ కొఱకు సంవత్సరమంతయు ఖర్చు భరించుట ఎట్లు? అవసరమైనప్పుడు మాత్రమే అదనపు శక్తిని తెచ్చుకొని, వాడినంతకే వెల చెల్లించు ఉపాయము లేదా? ఆ ఉపాయము కొఱకు జరిగిన అన్వేషణయే ఈనాటి ప్రసంగ విషయము.

రేడియోలో పనిచేయు మావంటివారికి ఈ చిక్కు మొదట బోధపడదు. మా ప్రసంగమును వినువారు వందమంది యైనను, లక్షమంది యైనను మా ప్రసార యంత్రమునకు ఖర్చగు విద్యుత్తు ఒక్కటియే. గాలిలో విడిచిన మాట అందరిదియు నగును. వెబ్‌సైటు సంగతి అట్లు కాదు. అచ్చటికి వచ్చిన ప్రతివారికిని విడివిడిగా వారడిగిన పుటను తీసి యీయవలెను. ఆ పని చేయు కంప్యూటరునకే సర్వరని పేరు. సర్వరనగా వడ్డించువాడు. బంతిలో పదిమంది కూర్చున్నచో ఒక్కడు చాలును. వేయిమంది కూర్చున్నచో ఆ యొక్కనివలన నేమగును? విస్తళ్ళ ముందు జనులు చేతులు ముడుచుకొని కూర్చుందురు. మా మేనకోడలు చూచిన తెల్లని పుట అట్టి ఖాళీ విస్తరియే.

బంతి మాట వచ్చినది కనుక, మన పెండ్లిండ్లనే ఉదాహరణగా తీసికొందము. పెండ్లి చేయు గృహస్థు ఎవడును ఒక్కపూట భోజనముల కొఱకు వందలకొలది కుర్చీలను, గంగాళములను, గుండిగలను కొనిపెట్టుకొనడు. సామాను అద్దెకిచ్చు అంగడికి కబురు పంపును. మూడు దినములు వాడుకొని, కడిగి, తిరిగి యిచ్చివేయును. అంగడివానికిది గిట్టుబాటగుటకు కారణ మొక్కటియే: ఊరిలోని అందఱి పెండ్లిండ్లును ఒకే దినమున జరుగవు. ఈ యింటి గంగాళము వచ్చేవారము ఆ యింటికి పోవును. కాని మాఘమాసములో దివ్యమైన ముహూర్తమొకటి వచ్చి, అదే దినమున ఊరిలో అయిదు పెండ్లిండ్లు కుదిరినచో, అంగడివాని ధైర్యము సడలిపోవును. అద్దెకు తెచ్చుకొను ప్రతి వస్తువు వెనుకను ఈ రెండు సత్యములున్నవి. ముహూర్తములు వేఱైనంతకాలము అద్దె అందఱికిని లాభము. ముహూర్తములు కలిసినప్పుడు అది ఎవరికిని చాలదు.

ఈ సూత్రమును పెద్దయెత్తున వ్యాపారములో పెట్టి చూపినవారిలో శామ్యూల్ ఇన్సల్ ప్రసిద్ధుడు. లండనులో జన్మించి, అమెరికా చేరి, థామస్ ఎడిసను వద్ద కార్యదర్శిగా పనిచేసిన ఈయన 1892లో చికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. ఆ దినములలో విద్యుత్తు ప్రధానముగా దీపముల కొఱకే. సూర్యాస్తమయము కాగానే నగరమంతయు ఒక్కసారిగా దీపములు వెలిగించును. ఆ రెండు మూడు గంటల రద్దీకి సరిపడు యంత్రములను కంపెనీ నెలకొల్పవలెను. తక్కిన దినమంతయు అవి ఊరక నిలిచియుండును. 1894లో ఇన్సల్ ఇంగ్లాండులోని బ్రైటన్ నగరమునకు పోయినప్పుడు అచ్చట ఆర్థర్ రైటు రూపొందించిన మీటరును చూచెను. ఒక యింటివారు మొత్తము ఎంత విద్యుత్తు వాడిరో చెప్పుటయే కాక, ఒక్కసారిగా అత్యధికముగా ఎంత అడిగిరో కూడ ఆ మీటరు చూపును. ఖర్చునకు అసలు మూలము ఈ రెండవ లెక్కయే యని ఇన్సల్ గ్రహించెను.

అటుపిమ్మట ఆయన వేఱువేఱు వేళలయందు విద్యుత్తు కావలసినవారిని వెదకి వెదకి తెచ్చెను. కర్మాగారములకు పగలు కావలెను. ట్రాము బండ్లకు ఉదయము, సాయంకాలము కావలెను. మంచుగడ్డలు చేయువారు ఏ వేళనైనను పని జరుపుకొనగలరు. వీరందఱి అవసరములు ఒకే నిముషమున పైకి లేవవు. కనుక ఒకే యంత్రము అనేకుల పని చేయగలదు; వెల తగ్గించినను లాభము మిగులును. అంతవఱకు సొంత డైనమోలు త్రిప్పుకొనుచుండిన కర్మాగారములు క్రమముగా వాటిని విడిచి, తీగెల మీదుగా వచ్చు విద్యుత్తునకు మీటరు చూచి డబ్బు కట్టుటకు అలవాటుపడెను.

కంప్యూటరు పుట్టిన పిమ్మట ఇదే కథ మఱల నడచినది. ఇంగ్లాండులో జె. లయన్స్ అను సంస్థ టీ అంగళ్ళకు, కేకులకు పేరుపొందినది. తన లెక్కల కొఱకు ఆ సంస్థ లియో అను కంప్యూటరును స్వయముగా నిర్మించుకొన్నది. 1951 నవంబరులో ఆ యంత్రము బేకరీ సరకుల విలువకట్టు పనిని ఆరంభించెను. వ్యాపార కార్యాలయపు దైనందిన పనిని కంప్యూటరు చేపట్టుట అదే మొదలు. కొలదికాలములోనే లయన్స్ వారు తమ యంత్రపు కాలమును ఇతరులకు అమ్మసాగిరి. 1950ల మధ్యకాలమున ఫోర్డు మోటారు కంపెనీ పనివారి జీతముల లెక్కలు ఈ టీ అంగళ్ళవారి యంత్రముమీదనే తయారయ్యెను. కార్లు చేయువారు టీ అమ్మువారి వద్ద లెక్కలు అద్దెకు చేయించుకొనుట వింతగా తోచవచ్చును. కాని యంత్రము ఖరీదైనది. దాని ప్రతి గంటయు డబ్బుతో సమానము.

అమెరికాలో ఐబీయం వారు చాలకాలము తమ యంత్రములను అమ్ముటకన్న అద్దెకిచ్చుటకే యిష్టపడిరి. 1959లో వారు ప్రకటించిన 1401 అను కంప్యూటరునకు నెలకు అద్దె 2,500 డాలర్లు మొదలు. అట్టివి పదివేలకు పైగా తయారయ్యెను. అయితే అది నెలసరి అద్దె. ఇల్లు అద్దెకు తీసికొన్నట్లు యంత్రమంతయు తీసికొనవలసినదే. వాడినను, వాడకున్నను అద్దె కట్టవలసినదే. అంత భారమును మోయలేనివారు సర్వీసు బ్యూరోలను ఆశ్రయించిరి. కార్డులలో తమ లెక్కలను పంచి చేయించి పంపినచో, బ్యూరోవారు తమ యంత్రముమీద ఆ పని జరిపి, ఫలితము అచ్చువేసి యిచ్చెడివారు. ఐబీయం వారే 1957లో ఈ పని కొఱకు ప్రత్యేకముగా సర్వీస్ బ్యూరో కార్పొరేషన్ అను సంస్థను నెలకొల్పిరి.

మన దేశమునందును దీనికి పోలిక కలదు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ 1964లో సీడీసీ 3600 అను పెద్ద కంప్యూటరును తెప్పించినప్పుడు, ఆ యంత్రము ఆ సంస్థకు మాత్రమే పరిమితము కాలేదు. ఇతర సంస్థల పరిశోధకులును దానిని వాడుకొనిరి. ఐబీయం వారు మన దేశములోను యంత్రములను అద్దెకిచ్చిరి. 1973 నాటి విదేశ మారక చట్టము ననుసరించి విదేశీ వాటా తగ్గింపవలెనని ప్రభుత్వము పట్టుబట్టగా, వారంగీకరింపక 1978లో దేశమునుండి తొలగిపోయిరి. అద్దె యంత్రముపై ఆధారపడినవారికి అందులో ఒక పాఠమున్నది. యజమాని వెడలిపోయినప్పుడు అద్దెదారుడు తన పనిని ఎట్లు నడుపుకొనవలెనో ముందే ఆలోచించుకొనవలెను.

బ్యూరోలో మాత్రము వరుస తప్పదు. కార్డుల పెట్టె ఈ దినము ఇచ్చినచో సమాధానము రేపు. ఈ నిరీక్షణను తొలగింప గోరినవారు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పండితులు. మనుష్యుడు ఆలోచించు వేగమునకును, యంత్రము లెక్కించు వేగమునకును ఎంతో దూరమున్నది. ఒకరు తరువాతి మాట తలపోయు లోపల యంత్రము ఇంకొక యిరువదిమందికి సమాధానము చెప్పగలదు. కనుక యంత్రపు కాలమును చిన్న చిన్న తునకలుగా కోసి అందఱికిని వంతులవారీగా పంచినచో, ప్రతివానికిని యంత్రమంతయు తనదేయన్న భావము కలుగును. దీనికి టైంషేరింగు అని పేరు వచ్చినది. 1961 నవంబరులో ఫెర్నాండో కర్బాటో బృందమువారు అట్టి పద్ధతిని నడిపి చూపిరి. ఆ సంవత్సరమే, ఆ విద్యాసంస్థ శతజయంతి సందర్భమున ఉపన్యసించుచు జాన్ మెకార్తీ ఒక ముందుచూపు గల మాట చెప్పెను. టెలిఫోను ప్రజోపయోగ సేవ యైనట్లే, లెక్కించు శక్తియు ఒకనాటికి ప్రజోపయోగ సేవ కావచ్చుననియు, ప్రతి చందాదారుడు తాను వాడుకొన్న మేరకే వెల చెల్లింపవచ్చుననియు ఆ మాట సారాంశము.

1964 మే 1న, తెల్లవాఱుజామున నాలుగు గంటలకు, డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యుల టైంషేరింగు పద్ధతియు, విద్యార్థుల కొఱకు వారు కల్పించిన బేసిక్ భాషయు పనిచేయ నారంభించినవి. మరుసటి సంవత్సరమే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆ పద్ధతిని వ్యాపారముగా మార్చెను. కార్యాలయములో ఒక టెలిటైపు యంత్రము, ఒక టెలిఫోను తీగె యున్నచో చాలును. దూరమున నున్న కంప్యూటరుతో మాటలాడవచ్చును. ఎన్ని గంటలు తీగె కలిపియుంచిరి, యంత్రము ఎన్ని క్షణములు లెక్కించెను, ఎన్ని అక్షరములు దాచియుంచెను అని వేఱువేఱుగా బిల్లు వచ్చెడిది. మెకార్తీ మాట నిజమగుచున్నట్లే తోచినది.

కాని చరిత్ర వంకరదారి పట్టినది. 1970ల చివర చిన్న కంప్యూటర్లు వచ్చినవి. 1977లో ఆపిల్ 2, 1981లో ఐబీయం పర్సనల్ కంప్యూటరు అంగళ్ళకు చేరినవి. బల్లమీద సొంత యంత్రము కొనుక్కొను వెలకు వచ్చినప్పుడు, గంటల లెక్కన అద్దె కట్టుటకు ఎవడిష్టపడును? టైంషేరింగు కంపెనీలు ఒక్కొక్కటిగా క్షీణించెను. ఇన్సల్ కాలమున సొంత డైనమోలు మూలపడగా, ఇచ్చట సొంత యంత్రములే గెలిచినవి.

1990లలో ఇంటర్నెట్టు వ్యాపించిన తరువాత పాత చిక్కు క్రొత్త రూపమున వచ్చినది. తన బల్లమీది యంత్రము తన యొక్కని పనియే చేయును. వెబ్‌సైటు యంత్రము ఊరూపేరూ తెలియని లక్షలమందికి వడ్డింపవలెను. ఎవరెప్పుడు వత్తురో తెలియదు. అందుచేత ప్రతి కంపెనీయు తన పెద్దపండుగ నాటి రద్దీని ఊహించి, దానికి సరిపోవు యంత్రములు కొనిపెట్టుకొన్నది. పెద్ద కంప్యూటర్లు చేయు ఐబీయం వంటివారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. యంత్రములోనే అదనపు ప్రాసెసర్లను పెట్టి, వాటికి తాళము వేసి పంపెడివారు. రద్దీ దినములలో డబ్బు కట్టినచో తాళము తీయుదురు. రద్దీ తగ్గగానే మఱల వేయుదురు. ఇంటి అటకమీద అంగడివాని గంగాళములు ముందే పెట్టియుంచి, దింపిన దినములకు మాత్రము అద్దె వసూలు చేయుట వంటిది. ఉపాయము మంచిదే కాని, అటక యున్న పెద్దయింటివారికే అది పనికివచ్చును.

చిన్నవారికి దారి చూపినది వేఱొక విద్య. ఒకే యంత్రములో పలు యంత్రములున్నట్లు భ్రమింపజేయు పద్ధతిని ఐబీయం వారు 1960లలోనే పెంపొందించిరి. 1998లో స్థాపితమైన వీఎంవేర్ కంపెనీయు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో పుట్టిన జెన్ అను ప్రోగ్రామును ఆ విద్యను సామాన్య యంత్రములకు తెచ్చినవి. ఒక పెద్ద హాలును తడికెలతో గదులుగా విభజించి వేఱువేఱు కాపురములకు ఇచ్చినట్లు, ఒక సర్వరును విభజించి పలువురికి అద్దెకీయవచ్చును. తడికె కట్టుటకును తీయుటకును నిముషములు చాలును.

2006 మార్చిలో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ఒక ప్రాసెసరుకు గంటకు ఒక డాలరు చొప్పున లెక్కించు శక్తిని అమ్మ మొదలిడిరి. అదే సంవత్సరము ఆగస్టులో, పుస్తకముల అమ్మకముతో పేరుపొందిన అమెజాన్ కంపెనీ ఈసీ2 అను సేవను ప్రయోగాత్మకముగా తెఱచెను. ఆ సేవను రూపొందించిన బృందము పనిచేసినది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున. ఒక చిన్న సర్వరుకు గంటకు 10 సెంట్లు. నాటి మారకము చొప్పున సుమారు నాలుగున్నర రూపాయలు. ముందుగా ఒప్పందము లేదు, నెలసరి కట్టుబాటు లేదు. కావలసినప్పుడు తెచ్చుకొనుము, చాలునన్నప్పుడు తిరిగి యిమ్ము. అద్దె సామాను అంగడివాని ధర్మమే అక్షరాల ఇచ్చట అమలైనది.

ఈ సేవ పుట్టుకను గూర్చి ఒక కట్టుకథ ప్రచారములో నున్నది. క్రిస్మసు అమ్మకముల కొఱకు అమెజాన్ కొనిపెట్టుకొన్న యంత్రములు తక్కిన కాలమున ఊరక పడియుండగా, వాటిని అద్దెకిచ్చుటతో ఈ వ్యాపారము మొదలయ్యెనని చెప్పుదురు. వినుటకు సొంపుగా నున్నది. కాని ఆ కంపెనీ సాంకేతిక ప్రధానాధికారి వెర్నర్ వోగెల్స్ ఇది నిజము కాదని బహిరంగముగా ఖండించెను. ఆ మిగులు యంత్రములు రెండు నెలలకే చాలకపోయి యుండునని ఆయన చెప్పిన భావము. మనము కొంచెము యోచించినను ఆ కథలోని లోపము కనబడును. ఏటి పొడవున యంత్రములను అద్దెకిచ్చినవాడు, క్రిస్మసు రాగానే అద్దెదారులను లేచిపొమ్మనగలడా? వారి అంగళ్ళకును అదే క్రిస్మసు గదా! అద్దెకిచ్చువాడు అద్దె కొఱకే యంత్రములు కొనవలెను. వేఱువేఱు ముహూర్తములవారిని సంపాదింపవలెను. ఇన్సల్ చికాగోలో చేసినది అదియే.

ఈ సేవ ఏమి చేయగలదో తొలి సంవత్సరములలోనే తేటపడినది. 2007లో న్యూయార్క్ టైమ్స్ పత్రికవారు 1851 నుండి 1922 వఱకు గల తమ పాత సంచికలలోని ఒక కోటి పది లక్షల వ్యాసములను పాఠకులు తెఱచి చదువుకొను రూపమునకు మార్పదలచిరి. నూఱు యంత్రములను అద్దెకు తీసికొని సుమారు ఒక దినములో ఆ పని ముగించి, యంత్రములను విడిచిపెట్టిరి. నూఱు యంత్రములు, ఇరువది నాలుగు గంటలు, గంటకు 10 సెంట్లు. లెక్కకట్టినచో యంత్రముల అద్దె 240 డాలర్లు. మరుసటి సంవత్సరము ఏప్రిలులో అనిమోటో అను చిన్న కంపెనీకి, ఫేస్‌బుక్కు మూలమున, మూడు దినములలో వాడుకదారులు ఇరువది అయిదు వేలనుండి రెండున్నర లక్షలకు పెరిగిరి. సుమారు యాబది యంత్రములతో నడచుచుండిన ఆ కంపెనీ మూడువేల అయిదువందలవఱకు పెంచుకొని ఆ ఒత్తిడిని తట్టుకొన్నది. అన్నిటిని కొనవలసి వచ్చినచో, సామాను దిగులోపల జనులు వెళ్ళిపోయి యుందురు.

అటుపిమ్మట వెసులుబాటులు పెరిగినవి. 2009లో రద్దీని బట్టి యంత్రములు వాటంతటవే పెరుగునట్లు, తగ్గునట్లు ఏర్పాటు వచ్చినది. 2017 అక్టోబరునుండి గంటల లెక్క పోయి, పలు యంత్రములకు సెకండ్ల లెక్క వచ్చినది. మైక్రోసాఫ్ట్, గూగుల్ కంపెనీలును ఈ రంగములో ప్రవేశించినవి. మైక్రోసాఫ్ట్ కంపెనీలో ఈ శాఖను పెంపొందించి, 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి ముఖ్యాధికారి యైన సత్య నాదెళ్ల హైదరాబాదులో జన్మించినవాడే. 2024లో అమెజాన్‌వారికి ఈ అద్దె వ్యాపారము మీద వచ్చిన రాబడి 10,760 కోట్ల డాలర్లు.

మా మిత్రుని ప్రశ్నకు ఇప్పుడు లెక్క కట్టవచ్చును. మామూలు దినములలో రెండు యంత్రములు, ఒక్క దినము నలుబది కావలెననుకొందము. నలుబది కొనినచో సంవత్సరమునకు 3,50,400 యంత్ర ఘంటలకు డబ్బు పెట్టినట్లు. రెండింటిని ఏడాది పొడవున ఉంచుకొని, ముప్పదియెనిమిదింటిని ఒక్క దినము అద్దెకు తెచ్చినచో 18,432 యంత్ర ఘంటలు మాత్రమే. అనగా పందొమ్మిదవ వంతు. అద్దె గంట వెల సొంత గంట వెలకు అయిదు రెట్లయినను అద్దెయే చౌక. కాని ఏడాది పొడవునను నలుబదియు పనిచేయవలసి యున్నచో ఈ లెక్క తలక్రిందులగును. ప్రజల ఫైళ్ళను దాచిపెట్టు డ్రాప్‌బాక్స్ కంపెనీ దీనికి సాక్షి. నిత్యమును నిండుగా వాడుక గల ఆ కంపెనీ తన నిల్వలో అధికభాగమును అమెజాన్‌నుండి సొంత యంత్రములకు మార్చుకొని, రెండు సంవత్సరములలో సుమారు ఏడున్నర కోట్ల డాలర్ల ఖర్చు తగ్గించుకొన్నట్లు 2018లో ప్రకటించినది. పెండ్లికి గంగాళము అద్దెకు తెత్తురు కాని, దినము అన్నము వండు గిన్నెను అద్దెకు తెచ్చుకొనరు గదా!

ఇక ముహూర్తములు కలిసిన సందర్భములు. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన లోకమంతయు ఇండ్లలో నుండి పనిచేయ నారంభించినప్పుడు, మైక్రోసాఫ్ట్‌వారు కొన్ని ప్రాంతములలో క్రొత్తగా యంత్రములు కోరువారికి పరిమితులు విధించి, వైద్యము, అత్యవసర సేవలు మొదలగువాటికి ముందు వంతు ఇయ్యవలసి వచ్చినది. అందఱి పెండ్లియు ఒకేనాడు వచ్చినట్లయినది. 2018 జూలైలో అమెజాన్‌వారు తమ వార్షిక అమ్మకముల ఉత్సవము ఆరంభింపగానే వారి సొంత అంగడి పుటలే తెఱచుకొనక, ఎందఱికో క్షమాపణ పుటమీద కుక్కల బొమ్మలు దర్శనమిచ్చినవి. లోకమునకు యంత్రములు అద్దెకిచ్చువాడు తన యింటి తిరునాళ్ళలో తడబడినాడు. కృత్రిమ మేధకు కావలసిన ప్రత్యేక యంత్రములకు గిరాకి పెరిగిన పిదప, 2023 అక్టోబరులో ఆ కంపెనీయే ముందుగా తేదీలు నిశ్చయించుకొని యంత్రములను నమోదు చేసికొను ఏర్పాటును తెచ్చినది. అనగా కల్యాణమండపమును ముందుగా బుక్కు చేసికొనినట్లే. కోరినప్పుడెల్ల దొరకునను మాటకు అంతమేరకు సడలింపు వచ్చినది.

యంత్రములు పెంచినంత మాత్రమున చిక్కు తీరునని తలచుటయు పొరబాటే. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమా కొఱకు ఒక వెబ్‌సైటును తెఱచెను. లక్షలకొలది జనులు వచ్చిరి. మొదటి దినమున నమోదు పూర్తిచేసికొనగలిగినవారు ఆఱుగురు! వచ్చిన ప్రతివాడును ముందుగా ఖాతా తెఱువవలసిన ఒకేయొక్క వాకిలియొద్ద అందఱును చిక్కుకొనిరి. పందిటిలో వేయిమంది వడ్డించువారున్నను, పందిటికి ద్వారము ఒక్కటే అయి, అదియు ఇఱుకైనచో విస్తళ్ళు ఖాళీగానే యుండును. అద్దె యంత్రములు తెచ్చుకొనువారు ముందు తమ ద్వారమును సరిచూచుకొనవలెను.

నేడు మన దేశమున ఈ సౌకర్యమునకు కొఱత లేదు. 2014 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము మేఘరాజ్ అను పేర తన కార్యాలయములకు ఉమ్మడి యంత్రశాలను ఆరంభించెను. 2016లో బొంబాయిలో సర్వర్ల కేంద్రములు తెఱచిన అమెజాన్, 2022 నవంబరులో హైదరాబాదులోను తెఱచెను. మన తెలుగు పిల్లల ఫలితములను అందింపగల యంత్రములు మన నేలమీదనే యున్నవి. కావలసినది ముందుచూపు. ఫలితముల దినము భూకంపము వలె చెప్పక వచ్చునది కాదు. పంచాంగములో వ్రాసిన ముహూర్తము వంటిది. దానికి వారము ముందుగా యంత్రములు కుదుర్చుకొని, కృత్రిమముగా రద్దీ కల్పించి పరీక్షించి, ఒక్క వాకిలికి బదులు నాలుగు వాకిళ్ళు తెఱచిన యెడల ఏ బిడ్డయు తెల్లని పుట ముందు కూర్చుండనక్కఱలేదు.

మా మిత్రుడు మరుసటి సంవత్సరము ఆ పనియే చేసెను. ఫలితముల దినమున పుట నిముషములో తెఱచుకొన్నదని ఎందఱో చెప్పగా వింటిని. అభినందింతునని ఫోను చేయగా, ఆయన కంఠములో సంతోషముతోపాటు ఏదో సంకోచము వినవచ్చినది. "అంతా బాగానే జరిగిందండీ. కానీ హడావుడిలో ఆ అద్దె యంత్రాలు ఆపమని చెప్పడం మరచిపోయాం. మూడు వారాలు ఖాళీగా తిరిగాయి. ఇప్పుడు ఆ బిల్లుకు ఆడిటువారికి సంజాయిషీ రాస్తున్నాను" అనెను.

పెండ్లి అయిన మఱునాడే గంగాళములు లెక్కచూచి తిరిగి పంపుట మన పెద్దలు ఎవరికో ఒకరికి తప్పక అప్పగించెడివారు. ఆ యేడు ఆ పనిని కూడ కాగితము మీద ఒకరి పేర వ్రాసియుంచుడని మిత్రునికి చెప్పితిని. వ్రాసితిమని ఆయన తరువాత తెలిపెను.